దూరమా? కాలమా?

మా పొరుగింటి వృద్ధురాలి మనుమడు ఉన్నత విద్యకై శాన్‌ఫ్రాన్సిస్కోకు పయనమైనప్పుడు ఆమె నన్నొక ప్రశ్న అడిగింది. “అది ఎంత దూరమండీ మాస్టారూ?” ఢిల్లీ నుండి సుమారు 12,400 కిలోమీటర్లని చెప్పాను. ఆమెకది బోధపడలేదు. “ఎన్ని గంటల ప్రయాణమో చెప్పండి” అన్నది. ఆమె అడిగినదే సరియైన ప్రశ్న అని నా అభిప్రాయం.

పూర్వం మన పల్లెలలో పూట ప్రయాణమనీ, రెండు రోజుల నడక అనీ దూరాన్ని కాలంతో కొలిచేవారు. చదువుకున్న మనం దానిని మోటు లెక్కగా తీసివేశాం. విచిత్రమేమంటే, విమానయానం ఆ పాత లెక్కనే సమర్థిస్తున్నది.

గ్లోబుపై ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకూ నడుమ ఒక దారాన్ని బిగించి చూడండి. అది సైబీరియా మీదుగా, ఆర్కిటిక్ మండలం గుండా పోతుంది. నేను చెప్పిన అంకె ఆ దారం పొడవే. విమానం మాత్రం ఆ దారాన్నే పట్టుకొని పోదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ ప్రయాణానికి అట్లాంటిక్ మార్గాన్ని విడిచి పసిఫిక్ మార్గాన్ని చేపట్టింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు; కొత్త దారి సుమారు 15,300. దారి 1,400 కిలోమీటర్లు పెరిగింది. అయినను విమానం దాదాపు రెండు గంటలు ముందుగా, పదునాలుగున్నర గంటలలో చేరింది! భూమికి పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు మహావేగంతో వీచే గాలులున్నవి. వాటికి ఎదురేగితే జాప్యం, వాటితో కలిసి సాగితే లాభం. ఢిల్లీ నుండి లండన్‌కు పోవడానికి పట్టినంత సమయం తిరిగి రావడానికి సాధారణంగా పట్టకపోవడానికీ ఇదే హేతువు.

గాలి ఒక్కటే కాదు, రాజ్యాల వైరం కూడా దూరాన్ని శాసిస్తుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలాన్ని మూసివేసినప్పుడు, ఢిల్లీ నుండి అమెరికాకు పోయే మన విమానాలు చుట్టుదారి పట్టాయి. కొన్ని వియన్నాలో దిగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది. భూగోళం అంగుళమైనా మారలేదు. ప్రయాణం మాత్రం గంటల కొద్దీ పెరిగింది.

కాళిదాసు ‘మేఘదూతం’లో యక్షుడు రామగిరి నుండి అలకకు మేఘాన్ని పంపుతూ, దారి వంకర అయినా సరే ఉజ్జయినిని చూచి పొమ్మంటాడు. ఆకాశంలో తిన్నని గీత లేదని కవులకు ముందే తెలిసినట్లున్నది! అయితే యక్షుడు కోరినది సౌందర్యం కొరకు. నేటి విమాన చాలకుడు వంగేది గాలికీ, ఇంధనానికీ, సరిహద్దులకూ.

కనుక రెండు విమానాశ్రయాల నడుమ దూరమని పట్టికలో ఒకే అంకెను అచ్చువేసి ఊరుకోవడం అర్ధసత్యం. దాని పక్కన ఏ దారినో, ఏ దిక్కుకో, ఎంత కాలమో కూడా చెప్పాలి.

ఆ వృద్ధురాలు మరల అడిగింది: “వాడు తిరిగి వచ్చేటప్పుడూ అంతసేపేనా?”

“గాలిని బట్టి ఉంటుందమ్మా” అన్నాను.

“మరి టికెట్టు మీద గంటలు వేశారే?”

విమానం నిలిచిన చోటి నుండి కదిలినది మొదలు, అక్కడ ఆగే వరకు, నేలపై దొర్లే సమయాన్ని కూడా కలిపి వేసిన అంచనా అది అని చెప్పాను. ఆమె వ్రేళ్ళపై ఏదో లెక్కించుకొని, అక్కడ దిగేసరికి మనకు రాత్రా, పగలా అని అడిగింది.