ఐదేళ్ల తర్వాత ఆ పిల్లల్ని అడిగేదెవరు?

బ్యాంకు పరీక్షల కోచింగ్ అనగానే తెలుగునాట చాలామందికి గుర్తొచ్చే ఊరు నంద్యాల. డిగ్రీ పూర్తయిన యువత ఇక్కడ గదులు అద్దెకు తీసుకుని నెలల తరబడి అరిథ్‌మెటిక్, రీజనింగ్ బిట్లతో కుస్తీ పడతారు. ఫలితాలు వచ్చాయంటే చాలు, కూడళ్లలో ఫ్లెక్సీలు లేస్తాయి. వరుసగా పాస్‌పోర్టు సైజు ఫొటోలు, ఒక్కోదాని కింద పేరు, వచ్చిన ఉద్యోగం. ఆ వరుసల్లో చోటు దొరకనివారి లెక్క మాత్రం ఎక్కడా కనిపించదు. మొత్తం ఎందరు చేరారు? మధ్యలో మానేసినవారెందరు? కోచింగ్ లేకున్నా నెగ్గగలిగేవారెందరు? ఉద్యోగం రాక ఊరికి వెళ్లిపోయినవారు ఐదేళ్ల తర్వాత ఏం చేస్తున్నారు? ఇవి తెలియకుండా కోచింగ్ వల్ల ఎంత మేలు జరిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ప్రైవేటు ప్రకటన కదా అని దాన్ని వదిలేయవచ్చు. కానీ ప్రజల డబ్బుతో నడిచే బడి పథకాలనూ ఇదే తీరున అంచనా వేస్తున్నారు. అదీ అసలు బాధ.

2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. టీచర్లతో కలిపి పంచినవి 5 లక్షల పైచిలుకు. ఆ పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశారు. ట్యాబ్ వాళ్ల లెక్కల్ని మెరుగుపరిచిందా, చదివే అలవాటును చెడగొట్టిందా, లేక ఏ తేడా తేలేదా? ఒకే ఏడాది, ఒకే తరగతిలో అందరికీ ఇచ్చేస్తే పోల్చి చూడ్డానికి మిగిలేదెవరు? 2020 జనవరిలో, పిల్లల్ని బడికి పంపే తల్లులకు డబ్బు ఇచ్చే అమ్మఒడి వచ్చింది. ప్రభుత్వం మారాక 2025 జూన్‌లో దాని స్థానంలో తల్లికి వందనం వచ్చింది. సీబీఎస్ఈకి మళ్లించిన వెయ్యి బడులను 2024లో తిరిగి స్టేట్ బోర్డు పరీక్షలకు తెచ్చారు. పెట్టినప్పుడూ, తీసేసినప్పుడూ ప్రసంగాలకు కొదవ లేదు. ఏళ్ల తరబడి అవే పిల్లల్ని వెంబడించి తెచ్చిన కొలతలు మాత్రం ఆ ప్రసంగాల్లో వినిపించవు.

ఇదే నంద్యాలలో 1906 నుంచి ఒక వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. నంద్యాల సోనా వరి వచ్చింది అక్కడి నుంచే. ఏ వంగడమైనా ఒక్క సీజన్‌లో బాగా పండిందని రైతు చేతికి ఇచ్చేయరు. ముందు స్థానంలోని మళ్లలో, తర్వాత వేర్వేరు నేలల్లో, ఆపైన మినీకిట్ల రూపంలో రైతుల పొలాల్లో, పాత రకం పక్కనే వేసి ఏళ్ల తరబడి చూస్తారు. విత్తనం విషయంలో ఇంత ఓపిక పట్టే సమాజం, ఆరేళ్ల పిల్ల చదువు విషయంలో ఎందుకంత తొందరపడాలి?

తెలుగు నేలకు ఈ ఓపిక కొత్తేమీ కాదు. 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీలో మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టేవారు. ఆ పథకం అప్పటికింకా చేరని ఊళ్లూ పక్కనే ఉన్నాయి. పుట్టిన బిడ్డల బరువులో తేడా స్వల్పమే. అంతటితో ఫైలు మూసేసి ఉంటే ఆ ఉప్మా దండగ ఖర్చు కిందే జమయ్యేది. 2003-05లో పరిశోధకులు మళ్లీ అవే ఊళ్లకు వెళ్లారు. అప్పటికి పిల్లలు 13 నుంచి 18 ఏళ్లవారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. మధుమేహం, గుండె జబ్బుల ముప్పును సూచించే కొలతల్లోనూ మెరుగ్గా ఉన్నారు. ఆ తర్వాత 20-25 ఏళ్ల వయసులో మరోసారి చూస్తే హైస్కూలు, డిగ్రీ పూర్తి చేసినవారు వారిలోనే ఎక్కువ. అప్పటికే పెళ్లయినవారు కాస్త తక్కువ. ఊళ్లను లాటరీ తీసి ఎంచలేదు కాబట్టి ఘనతంతా ఉప్మాకే కట్టబెట్టలేం. అయినా అంగన్‌వాడీ గిన్నెలో పెట్టిన తిండి ఫలితం ఇరవై ఏళ్లకు గానీ పూర్తిగా కళ్లబడలేదన్నది గమనించాల్సిన సంగతి.

టీచర్ల విషయంలో అంతకంటే పకడ్బందీ ప్రయోగం 2005లో మొదలైంది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 5 జిల్లాల్లో 500 ప్రభుత్వ బడులను ఎంచి, ఏ బడికి ఏ సాయం అందాలో లాటరీతో తేల్చారు. కొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే ఆ టీచరుకే బోనస్; మరికొన్నిటిలో బడిలోని టీచర్లందరికీ కలిపి. మొదటి ఏడాది రెండు పద్ధతులూ సమానంగా పనిచేశాయి. నివేదిక అక్కడే ఆగితే ఏది పెట్టినా ఒకటేనని తేల్చేసేవారు. రెండో ఏడాదికి దారులు విడిపోయాయి. ఐదేళ్ల తర్వాత విడివిడిగా బోనస్ ఇచ్చిన బడుల పిల్లలు స్పష్టంగా ముందున్నారు, బోనస్‌తో సంబంధం లేని సైన్స్, సోషల్‌లో కూడా. ఉమ్మడి బోనస్ ప్రభావం బలహీనపడింది. అదే పరిశోధకులు 2008లో 180 గ్రామాల్లో మరో ప్రయోగం చేపట్టి, లాటరీలో గెలిచిన పేద పిల్లల ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులో, లెక్కల్లో వారికి అదనంగా ఒరిగిందేమీ లేదు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు. అయితే ప్రైవేటు బడిలో ఒక్కో పిల్లవాడిపై అయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. అటు ప్రైవేటును పొగిడేవారికీ, ఇటు తిట్టేవారికీ పూర్తిగా అక్కరకు రాని ఫలితమిది. కాబట్టే దానికి విలువ.

ఫలితం తలకిందులయ్యే సందర్భాలూ ఉన్నాయి. అమెరికాలోని టెన్నెసీలో ప్రభుత్వ ప్రీ స్కూళ్లకు లాటరీలో ఎంపికైన పిల్లలు మొదట్లో ముందున్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి, సీటు రాని పిల్లలకంటే వెనకబడ్డారని 2022లో తేలింది. మొదటి ఏడాది సంబరాన్ని నమ్మి ఊరుకుంటే ఆ నష్టం ఎవరికీ తెలిసేది కాదు.

ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారన్న ప్రశ్న ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతానికి మరీ దగ్గరిది. ఒకప్పుడు ఉమ్మడి కర్నూలు జిల్లాలో హైబ్రిడ్ విత్తనాల కోసం సీడు పత్తి సాగు జోరుగా నడిచింది. క్రాసింగ్ పనికి చిన్న చేతులే కావాలని ఆడపిల్లల్ని చేలకు తోలారు. మధ్యాహ్నం దాటాక విచ్చుకోబోయే మొగ్గ పొట్టు గిల్లి పుప్పొడి తిత్తులు తీసేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. రోజులో రెండు పూటలూ చేనే మింగేస్తే ఇక బడి ఎక్కడిది? పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 1990ల చివరి నుంచి పదిహేనేళ్లకు పైగా ఈ రంగాన్ని పదే పదే పరిశీలిస్తూ వచ్చారు. తెలుగు జిల్లాల్లో పిల్లల సంఖ్య తగ్గినట్లు, గుజరాత్ లాంటి చోట్లకు ఆ సమస్య పాకినట్లు బయటపడింది అందువల్లే. ఒక్కసారి చూసి వెళ్లిపోయేవారికి ఈ కదలిక అందదు. నాడు క్రాసింగ్‌కు వెళ్లిన అమ్మాయిలకు నేడు ముప్పయ్యో నలభయ్యో ఏళ్లుంటాయి. చేను వదిలి బడిలో చేరినవారు ఎంతవరకు చదివారు, వాళ్ల పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు? ఉయ్యాలవాడ, దొర్నిపాడు, శిరివెళ్ల, రుద్రవరం మండలాల్లో ఇల్లిల్లూ తిరిగి ఈ మాట అడగాలి.

మళ్లీ వెళ్లడమే కాదు, వేరేవాళ్లు వెళ్లడమూ ముఖ్యమే. పేరున్న 100 విద్యా పత్రికల వ్యాసాలను 2014లో వడపోస్తే, పాత పరిశోధనను తిరిగి చేసి చూసినవి వెయ్యింట ఒకటి కంటే కాస్త ఎక్కువ తేలాయి. మొదటి పరిశోధకులే మళ్లీ చేసినప్పుడు పాత ఫలితం నిలబడటం ఎక్కువ. కొత్తవారు చేసినప్పుడు అది బాగా తగ్గింది. మనస్తత్వశాస్త్రంలో 2015లో 100 అధ్యయనాలను తిరిగి చేస్తే, గణాంకపరంగా నెగ్గినవి 36 శాతమే. పథకం నడిపే శాఖే ఆ పథకానికి మార్కులు వేసుకోకూడదనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కర్లేదు.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. ఏ పథకాన్నైనా ఒక ఏడాది కొన్ని మండలాల్లోనే, లాటరీ తీసి మొదలుపెట్టాలి. మిగతా మండలాలకు వచ్చే ఏడాది ఎలాగూ అందుతుంది కనుక ఎవరికీ అన్యాయం జరగదు. బడ్జెట్‌లోనే ఐదో ఏడు, పదో ఏడు సర్వేకు డబ్బు విడిగా పెట్టి, ప్రభుత్వం మారినా తీయలేని ఖాతాలో ఉంచాలి. సర్వేను శాఖతో సంబంధం లేని విశ్వవిద్యాలయానికి అప్పగించాలి. వలస వెళ్లిన కుటుంబాన్ని వెతకడం కష్టమన్న సాకు చెల్లదు. చాగలమర్రి దాటితే వచ్చే కడప జిల్లా, అనంతపురం సహా పలుచోట్ల యంగ్ లైవ్స్ అనే పరిశోధన బృందం 2002 నుంచి 3,000 మంది పిల్లల్ని వెతుక్కుంటూ వెళ్తోంది. బడి మానేసినవారు, పెళ్లయి వేరే ఊరు వెళ్లినవారు కూడా అందులో ఉన్నారు. బడిలో చేరిన ప్రతి పిల్లవాడికీ నంబరు ఇచ్చే వ్యవస్థ ఇప్పుడు శాఖ చేతుల్లో ఉంది. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, పేర్లు బయటపెట్టకుండా వాడితే చాలు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా నంద్యాల జిల్లాలో ఒక్క పథకంతోనైనా ఈ పద్ధతి మొదలుపెట్టాలి.