అతుకునకు ముందు

2024 మార్చి 18వ తేదీన బాపట్ల జిల్లాలో, అద్దంకి సమీపమున, జాతీయ రహదారిపై భారత వాయుసేన విమానములు విన్యాసములు చేసెను. ఆంటొనోవ్-32 రవాణా విమానము ఆ బాటపై దిగి మరల ఎగిరెను. అట్టి దృశ్యమును గూర్చి విన్న బాలబాలికలకు తామును ఒక విమాన నమూనా చేయవలెనను కోరిక పుట్టుట సహజము. తెనాలి, బాపట్ల, రేపల్లె పాఠశాలల విద్యార్థులలో అట్టి ఉత్సాహవంతులకు కొదువ లేదు. వారికిని, వారి తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఒక మనవి.

నమూనా పెట్టె తెఱచినంతనే మన చేయి జిగురు సీసాపైకి పోవును. అదియే మొదటి తప్పు. నా బాల్యమున నేను చేసిన గ్లైడరు రంగులతో మెఱసి అందఱ మెప్పును పొందెను. కాని మైదానమున విసరిన మఱుక్షణమే దాని రెక్క ఊడిపడెను. అతుకు విప్పి చూడగా జిగురు పుష్కలముగా నుండెను; చెక్కకు చెక్క మాత్రము తగులనే లేదు.

కొండపల్లి పనివారు చింతగింజల పొడిని ఱంపపు పొట్టుతో కలిపిన మక్కుతో బొమ్మల అవయవములు అతుకుట లేదా యని కొందఱు అడుగవచ్చును. నిజమే. కాని బొమ్మ కొలువులో కదలక కూర్చుండును; విమానము గాలి దెబ్బను భరింపవలయును. మనము వాడు పలుచని జిగురు సందులను పూడ్చునది కాదు. ఒకదానినొకటి తాకిన రెండు ముఖములను పట్టియుంచునది మాత్రమే.

కావున ముందుగా ముక్కలను జిగురు లేకుండ కూర్చి, వెలుతురునకు ఎత్తి చూడవలయును. అతుకులో వెలుగు కనబడినచో అచట పని మిగిలియున్నదని తెలియవలెను. గరుకు కాగితమును వ్రేలికి చుట్టి రుద్దినచో అంచు గుండ్రబడును. చదునైన చెక్కదిమ్మకు చుట్టి రుద్దినచో అంచు తిన్నగా నిలుచును. లేజరు కిరణముతో కోసిన ముక్కల అంచులు మాడియుండును. ఆ నల్లని పొరను ముక్క కొలత తగ్గకుండ తేలికగా తీసివేయవలెను. పిదప పొడిని తుడువవలెను. పొడిపై పూసిన జిగురు పొడినే పట్టుకొనును. నారలు తెగిన కొన జిగురును త్రాగివేయును గనుక, అచట పలుచని పూత నొకటి ముందు వేసి, అది యింకిన తరువాత రెండవ పూత వేసి అతుకవలయును.

మన సీమ కాలువలకును సముద్రమునకును చేరువైనది. వానకాలమున బాల్సా చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బును. తెల్లజిగురు ఆలస్యముగా ఆఱును. సైనోయాక్రిలేటు జిగురు తేమ తగిలినకొలది త్వరగా బిగియును, దిద్దుకొనుటకు వ్యవధి నీయదు. రెంటికిని మందు ఒక్కటే: ముందుగానే సరిచేసిన అతుకు.

ఇది పిల్లల యాట ముచ్చట మాత్రమే కాదు. రెండవ ప్రపంచ యుద్ధమున ఎగిరిన మస్కిటో విమానము చెక్కతో నిర్మింపబడినది. దాని దేహమున బాల్సా సహితము కలదు. 1944లో మన దేశమునందు కొన్ని మస్కిటోలు రెక్కలు విఱిగి కూలెను. తొలుత మన యెండయు తేమయు జిగురును చెఱచెనని అనుమానించిరి. విచారణమున, కర్మాగారములో కొన్ని అతుకులు సరిగా కలియక సందులు మిగిలిన సంగతి బయటపడెను. పైపూత ఆ సందులను కప్పగలిగెను గాని, మోయలేకపోయెను.

పరీక్షలు దగ్గఱపడినవి, ఇంత ఓపిక ఎక్కడిదని తల్లిదండ్రు లనవచ్చును. అందుచేతనే కొందఱు పిల్లవాని పని తామే చేసిపెట్టుదురు. అట్లు చేయుట బిడ్డకు బహుమతి నిచ్చి విద్యను లాగుకొనుటయే. చిన్న నమూనాయైనను వాని చేతులతోనే కానిండు. ఉపాధ్యాయులు సహితము, రంగు వేసిన పిమ్మట గాక, రెక్కల పైకాగితము అంటింపకముందే అతుకులను పరిశీలించి మార్కులు వేయుట మేలని నా అభిప్రాయము. చూచువారు మెచ్చని పనికి పిల్లలు ఏల శ్రద్ధ వహింతురు?

చిన్నారులారా! వడ్రంగి చిత్రిక పట్టని పలకను అతుకడు. మీరును ఒక సాయంకాలమంతయు రుద్దుటకే కేటాయింపుడు. ఆ సాయంకాలమున విమాన మేమియు కనబడదు. కాని మఱునాడు ఎగురునది ఆ పని బలముననే.