బతికించాం గదా అంటే సరిపోదు

టీబీ సూదులకు చెవులు పోగొట్టుకున్న ఇద్దరు స్త్రీలు 2023లో ఒక పెద్ద మందుల కంపెనీని ఓడించారు. ఒకరు ముంబైకి చెందిన నందితా వెంకటేశన్. ఇంకొకరు దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కనుండే నల్లజాతి వాడ ఖయెలిత్షా నుంచి వచ్చిన ఫుమేజా టిసిలే. ఇద్దరికీ మొండి టీబీ వచ్చింది. ఇద్దరికీ కనమైసిన్ సూదులు వేశారు. ఇద్దరూ బతికారు. ఇద్దరికీ వినికిడి పోయింది.

సూది అక్కర్లేకుండా మొండి టీబీని తగ్గించే మాత్ర బెడాక్విలిన్. దాని మీద తన గుత్తాధికారాన్ని ఇంకో నాలుగేళ్లు సాగదీసుకోవటానికి జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ మన దేశంలో ఇంకో పేటెంటు అడిగింది. వీళ్లిద్దరూ 2019లో అడ్డం తిరిగి అభ్యంతరం వేశారు. 2023 మార్చిలో పేటెంటు ఆఫీసు కంపెనీ దరఖాస్తును కొట్టేసింది. పాత పేటెంటు గడువు ఆ జూలైలో తీరింది. ఆ మాత్రను ఇంకెవరైనా చవగ్గా తయారు చేసే దారి తెరుచుకుంది.

ఈ గెలుపు గొప్పదే. కానీ గెలిచినవాళ్ల చెవులు తిరిగి రావు. అసలు ఆ చెవులు ఎందుకు పోవాల్సి వచ్చింది? ఈ ప్రశ్న మనం అడగాల.

ఈ జాతి సూదులు చెవిని చంపుతయ్యని నిన్నగాక మొన్న తెలిసిన సంగతి కాదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలో బయటపడింది. దాని మీద బ్రిటన్‌లో 107 మంది రోగులతో పరీక్ష జరిపి 1948లో ఫలితాలు అచ్చువేశారు. మందు పడిన 55 మందిలో ఆరు నెలల్లో చనిపోయింది నలుగురు. మంచం మీద విశ్రాంతి ఒక్కటే ఇచ్చిన 52 మందిలో 14 మంది. మందు గొప్పదని తేలింది. తల తిరుగుడు, తూలుడు, చెవి లోపలి దెబ్బ కూడా ఆ 1940ల్లోనే డాక్టర్ల కంటపడినయి. తర్వాత వచ్చిన కనమైసిన్ కూడా ఆ జాతి మందే.

చెవి లోపల నత్తగుల్ల లాంటి భాగం ఒకటుంటుంది. అందులో సన్నని వెంట్రుకల లాంటి కణాలుంటయి. శబ్దాన్ని పట్టి మెదడుకు పంపేవి అవే. ఈ మందు వాటిని చంపుతుంది. చచ్చిన కణం మళ్లీ మొలవదు. ముందు పోయేది సన్నని కీచు శబ్దాలు వినే శక్తి. మాట ఇంకా వినపడుతూనే ఉంటుంది కాబట్టి రోగికి తెలియదు. చెవుల్లో గుయ్‌మని మోత మొదలవుతుంది. నీరసం అనుకుంటాడు. మాట వినపడటం లేదని ఇంట్లోవాళ్లు గుర్తించేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. యంత్రంతో చేసే వినికిడి పరీక్షలో మాత్రం ఈ తేడా ముందే దొరుకుతుంది. అప్పుడే మందు మారిస్తే మాట వినే చెవి దక్కుతుంది.

మన దేశంలో 2007 నుంచి మొండి టీబీకి ప్రభుత్వ వైద్యం మొదలైంది. మొత్తం వైద్యం 24 నుంచి 27 నెలలు. అందులో మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలలు, వారానికి ఆరు రోజులు కనమైసిన్ సూది. ఆరు నెలలే లెక్కేసుకున్నా నూటయాభైకి పైగా సూదులు. అన్ని సూదులు పొడవటానికి మనిషి దొరికాడు. నెలకొకసారి చెవి పరీక్ష చెయ్యటానికి యంత్రమూ, మనిషీ మన మండలాల్లో ఎక్కడ కనబడ్డారు?

బతికించాం గదా, చెవులదేముంది అంటారు. లారీ హారన్ వినపడని కూలీ రోడ్డు మీద ఎట్లా నడవాల? బిడ్డ ఏడుపు వినపడని తల్లి ఎట్లా సాకాల? మేస్త్రీ పిలుపు వినపడనివాణ్ణి రెండోరోజు పనికి పిలిచేదెవరు? ప్రాణం దక్కి బతుకు పోతే దాన్ని నయం కావటం అంటారా?

సూది లేకుండా నయం చెయ్యొచ్చని చివరికి తేల్చింది కూడా పరిశోధనే. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనమైసిన్ ఇక వద్దంది. ఇండియాతో సహా ఏడు దేశాల్లో జరిపిన స్ట్రీమ్ అనే పరీక్షలో సూది ఉన్న వైద్యాన్నీ, అన్నీ మాత్రలే ఉన్న వైద్యాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. 2022లో ఫలితం వచ్చింది. సూది ఉన్నవాళ్లలో నూటికి 71 మందికి మేలు జరిగితే, మాత్రల వాళ్లలో 83 మందికి జరిగింది. చెవి బాగా దెబ్బతిన్నది సూది వాళ్లలో నూటికి 9 మందికి, మాత్రల వాళ్లలో ఇద్దరికి. రెండు విధాలా మాత్రే మేలు.

1940ల్లో తెలిసిన నష్టం 2018 దాకా ఎందుకు సాగింది? టీబీ వచ్చేది ఎక్కువగా ఇరుకు గుడిసెల్లో ఉండేవాళ్లకూ, రాతి దుమ్ము పీల్చేవాళ్లకూ, కడుపు నిండనివాళ్లకూ. వాళ్ల దగ్గర కంపెనీకి లాభం రాదు. బెడాక్విలిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2012 చివర్లో. అప్పటికి నలభై ఏళ్లకు పైగా టీబీకి కొత్త రకం మందే లేదు. ఇక రెండో కారణం. కళ్లెలో క్రిమి పోయిందా, మనిషి బతికాడా అనే రెండే లెక్కలు చూశారు. ఆ మనిషి ఏం పోగొట్టుకున్నాడనేది లెక్కలోకే రాలేదు. లెక్కలో లేని నష్టానికి మందు వెతికేవాడుండడు.

లెక్కపెడితే ఏమవుతుందో కూడా చూశాం. కొత్త ఆరు నెలల వైద్యంలో బెడాక్విలిన్‌తో పాటు లినెజోలిడ్ అనే మాత్ర ఉంది. దానికి కాళ్ల తిమ్మిర్లు వస్తయి, రక్తం తగ్గుతుంది, ఒక్కోసారి చూపు మందగిస్తుంది. ఆ బాధను లెక్కగట్టి, మోతాదును 1200 మిల్లీగ్రాముల నుంచి 600కు తగ్గించినా జబ్బు నయమవుతుందని 2022లో తేల్చారు. తిమ్మిర్లు తగ్గినయి. రోగి బాధను పట్టించుకుంటేనే మోతాదు మారింది.

మనం పరిశోధనకు వ్యతిరేకులం కాదు. 1956లో మద్రాసులో మొదలైన టీబీ పరిశోధనా కేంద్రం అక్కడి పేదలకు ఇళ్లల్లోనే మందులిచ్చి చూసింది. ఇరుకు ఇల్లయినా, తిండి చాలకపోయినా, శానిటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా నయమవుతుందని 1959లో ప్రకటించింది. ప్రపంచమంతా ఆ దారి పట్టింది. పేదల ఒంటి నుంచి వచ్చిన జ్ఞానం అది. దాని మీద మనకూ హక్కుంది.

కానీ అడక్కుండా చేసే పరిశోధనను ఒప్పుకోం. ఖమ్మం జిల్లాలో 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను వేలమంది ఆడపిల్లలకు వేశారు. చాలామంది హాస్టళ్లలో ఉండే ఆదివాసీ పిల్లలు. టీకా చెడ్డదని కాదు, ఆ క్యాన్సర్‌కు అది పనికొచ్చేదే. కానీ తల్లిదండ్రులకు చెప్పకుండా ఎన్నో అంగీకార పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. గొడవయ్యాక 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు సంఘం దీన్ని తప్పుపట్టింది. వార్డెన్ సంతకం అమ్మ ఒప్పుదల అవుతుందా?

2019లో వచ్చిన మందుల పరీక్షల నియమాలు ప్రతి కార్యకర్తకూ నోటికి రావాల. పరీక్షలో చేర్చుకునేముందు మనకు అర్థమయ్యే భాషలో చెప్పాల. చదువురానివారికి సంబంధం లేని సాక్షి పక్కనుండాల. సంతకం పెట్టిన కాగితం నకలు మన చేతికివ్వాల. ఎప్పుడైనా బయటికి రావచ్చు. పరీక్ష వల్ల దెబ్బ తగిలితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాల. ఇది దయ కాదు, నియమం.

పరీక్షలోనే కాదు, మామూలు వైద్యంలోనూ అడగాల. కనమైసిన్ పోయింది గాని ఆ జాతి మందులు అమికాసిన్, జెంటామైసిన్ ఇప్పటికీ వాడుకలో ఉన్నయి. ఊళ్లో సూది వేయించుకునేటప్పుడు ఏం సూది అని అడగండి. చెవిలో మోత, తల తిరుగుడు, కాళ్ల తిమ్మిరి, చూపు మసక అయితే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మీ అంతట మీరు టీబీ మందు మానొద్దు. మానితే జబ్బు మొండికెక్కుతుంది. చెప్పండి, రాయించండి, మార్పించండి.

సంఘాలకు ఒక పని. మీ వాడలో టీబీ సూదులు పడ్డవాళ్లు ఎందరు, వారిలో వినికిడి తగ్గినవాళ్లు ఎందరు, ఇల్లిల్లూ తిరిగి రాయండి. వాళ్లను సదరం శిబిరానికి తీసుకుపోండి. వినికిడి యంత్రం, వికలాంగుల పింఛను ఎవరికి రావాలో అడిగి ఇప్పించండి. ఆ జాబితాను జిల్లా టీబీ అధికారి బల్ల మీద పెట్టండి. డెబ్భై ఏళ్లు ఎవరూ వెయ్యని లెక్క అది. దాన్ని మనమే వెయ్యాల.