గైడు వదిలిన నాణెం

గ్రీసులోని ఎపిడారస్ ప్రాచీన నాటకశాల నట్టనడుమ నిలబడి మా గైడు నాణెం ఒకటి కింద వదిలింది. పై వరసల్లో చెవులు రిక్కించి కూర్చున్నాం. చిన్నగా టక్కుమంది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో సున్నపురాతితో కట్టిన మెట్లు ఇంకా చప్పుడును పైకి మోసుకొస్తున్నాయంటే ఒళ్లు పులకరించింది. కింద గుసగుసలాడినా చిట్టచివరి, 55వ వరస దాకా మాట తెలుస్తుందని కూడా చెప్పిందామె. అది మాత్రం నిజం కాదు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడ కొలతలు తీసి, 2017లో ఫలితాలు చెప్పారు. నాణెం చప్పుడు అంతటా వినబడుతుంది గానీ అది నాణెమేనని పోల్చుకోగలిగేది సగం ఎత్తు వరకే. గుసగుస అర్థమయ్యేది ముందు వరసలవాళ్లకే.

అయితే ఆమె లేకపోతే నేను ఆ మెట్ల మీద అలా చెవి ఒగ్గి కూర్చునేదాన్నే కాదు. రెండు ఫొటోలు తీసుకుని దిగివచ్చేదాన్ని.

గైడుల మీద ఫిర్యాదులు ఈనాటివి కావు. డెల్ఫీ గుడిలో పూజారిగా ఉన్న ప్లూటార్క్, కుదించి చెప్పమని వచ్చినవాళ్లు బతిమాలినా అక్కడి గైడులు పాఠమంతా అప్పజెప్పి గానీ వదలరని రాశాడు. ఆర్గోస్ గైడులకు తాము చెప్పేదంతా నిజం కాదని తెలుసనీ, అయినా అదే చెబుతారనీ 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు.

అయినా ప్రాచీన కోట మైసీనేకి ఒంటరిగా వెళ్లమని ఎవరికీ చెప్పలేను. చెప్పేవాళ్లు లేకపోతే అది రాళ్లు పరుచుకున్న గుట్ట. మనం ఏ ఇంటి ముంగిటి వాకిలినైనా సింహద్వారం అనేస్తాం, ఇక్కడ నిజంగానే సింహాలున్నాయి. క్రీస్తుపూర్వం 1250 ప్రాంతంలో కట్టిన ఆ ద్వారం మీద అడ్డంగా పరిచిన రాయి సుమారు 20 టన్నులుంటుంది. పైగోడ బరువంతా పడితే అది విరుగుతుందని, దాని మీద మూడుకోణాల ఖాళీ వదిలారు. ఆ ఖాళీని మూయడానికి నిలిపిన పలకమీదే సింహాలను చెక్కారు. గైడు వేలెత్తి చూపేదాకా నాకు బొమ్మే కనిపించింది, దాని వెనక ఉన్న లెక్క కనిపించలేదు. గ్రీసులో గైడు పనికి ప్రభుత్వ లైసెన్సు ఉండాలి, కాబట్టి చదువుకున్న మనిషే దొరుకుతారు. పైగా మైసీనే, ఎపిడారస్ రెండూ ఒక్కరోజులో మామూలు బస్సుల్లో చూసిరావడం కష్టం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు గుంపు, బస్సు, ముందే తీసిన టికెట్లు చిన్న సాయం కాదు.

ఏథెన్స్‌లో ఆ అవసరం లేదు. అక్రోపొలిస్‌కు రద్దీ తట్టుకోలేక 2023 సెప్టెంబరు నుంచి రోజుకు 20,000 మందినే, వేళలు పెట్టి, లోపలికి పంపుతున్నారు. ఆ రద్దీలో పెద్ద భాగం మనలాంటి గుంపులే. అక్కడి పార్థెనాన్ గుడి వేదిక చదునుగా ఉండదు, పొడవు వైపున మధ్యలో సుమారు 11 సెంటీమీటర్లు ఉబ్బి ఉంటుంది. అది కంటికి ఆనాలంటే ఒక మూల వంగి, మెట్టు వెంబడి చూపు సారించాలి. గైడు జెండా వెంట నడిచేవాళ్లకు అంత తీరిక ఎక్కడిది?

నాకు నిజంగా బాధ కలిగింది డెల్ఫీలో. ఏథెన్స్ నుంచి సుమారు 180 కిలోమీటర్లు, పొద్దున పోయి రాత్రికి తిరిగిరావాలి. మ్యూజియానికి మిగిలింది 40 నిమిషాలు. ఒక గదిలో కంచు రథసారథి నిలబడి ఉన్నాడు, దాదాపు 2,500 ఏళ్లవాడు. దగ్గరికి వెళ్తే రాగితో చేసిన కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. కుడివైపున్నవి చూస్తుండగానే పిలుపు వచ్చింది.

అయినా దూరపు ఊళ్లకు గుంపుతోనే వెళ్లమంటాను. డబ్బు కట్టేముందు మాత్రం ఎంతమంది ఉంటారో, గైడు చెప్పడం అయ్యాక మన ఇష్టానికి ఎంతసేపు వదులుతారో గట్టిగా అడగండి. డెల్ఫీ సంగతి వేరు. ఈసారి ఆ ఊళ్లోనే ఒక రాత్రి ఉండి, ఏథెన్స్ బస్సులు రాకముందే, తలుపులు తీసీ తీయగానే ఆ గదికి వెళ్తాను. ఎడమ కన్ను ఇంకా చూడాల్సి ఉంది.