ప్యానెల్ తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

మన హాస్టల్ మేడ మీది నీళ్ళ ట్యాంకు పాత విద్యార్థులందరికీ గుర్తుండే ఉంటుంది. మోటారు వేసినవాడు మర్చిపోయి స్టడీ అవర్‌కి వెళ్ళిపోతే నీళ్ళు గోడల వెంట కారి వరండా అంతా మడుగయ్యేది. వాచ్‌మన్ కేకలు వేస్తేగానీ మోటారు ఆగేది కాదు. ఫ్యాక్టరీల్లో ఆ కాపలా పని పి.ఎల్.సి. అనే చిన్న కంప్యూటరు చేస్తుంది. ట్యాంకులో మట్టం చూసి మోటారు వేస్తుంది, ఆపుతుంది. ఒత్తిడి పెరిగితే వాల్వు తెరుస్తుంది. ఇలాంటివన్నీ ఒక నెట్‌వర్క్‌గా కలిసి కంట్రోల్ రూమ్‌కి చేరతాయి. ఆ నెట్‌వర్క్‌లో బయటివాడు దూరితే పోయేది ఫైళ్ళు మాత్రమే కాదు తమ్ముళ్ళూ, ప్రాణాలు కూడా. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం మీద స్టైరీన్ ఆవిరి కమ్ముకున్నది హ్యాకింగ్ వల్ల కాదు. కానీ ఒక ట్యాంకు ఉష్ణోగ్రత అదుపు తప్పితే ఏమవుతుందో ఆ తెల్లవారుజామున అందరం చూశాం.

మన హాస్టళ్ళలో చదివి, ఐ.టి.ఐ., డిప్లొమా చేసి విశాఖ, పటాన్‌చెరు, రామగుండం వైపు ప్లాంట్లలో చేరినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాదీ ఇన్‌స్ట్రుమెంటేషన్ పనే. ఈ భద్రత సంగతి ఐ.టి. డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది, మనకెందుకు అనుకోవడం పొరపాటని నా అభిప్రాయం. రోజూ ప్యానెల్ ముట్టుకునే మనవాళ్ళకు ఏమీ నేర్పకుండా, ఏదైనా జరిగితే ముందుగా మనవాళ్ళనే నిందించడం అంతకంటే పెద్ద తప్పు.

2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో జరిగింది చెబుతాను. అక్కడ ట్రైకోనెక్స్ అనే సేఫ్టీ కంట్రోలర్లు ఉన్నాయి. మిగతావన్నీ విఫలమైనా ప్లాంటును క్షేమంగా ఆపేయడమే వాటి పని. అవి ఆఖరి కాపలాదార్లు. వాటి ముందు భాగంలో నిజమైన తాళం చెవి ఉంటుంది. చెవిని ‘రన్’ వైపు తిప్పితే లోపలి ప్రోగ్రాంను ఎవరూ మార్చకుండా అడ్డు పడుతుంది. ‘ప్రోగ్రాం’ వైపు ఉంటే మార్చవచ్చు. ఆ ప్లాంటులో చెవిని ‘ప్రోగ్రాం’ వైపే వదిలేశారు. నెట్‌వర్క్ గుండా వచ్చిన దుండగులు తమ కోడ్‌ను అందులోకి ఎక్కించారు. వాళ్ళ పనిలోనే ఏదో తేడా వచ్చి కంట్రోలర్లు ప్లాంటును ఆపేశాయి కాబట్టి సంగతి బయటపడింది. దానికి తర్వాత ట్రైటన్ అని పేరు పెట్టారు.

చెవి అలా ఎందుకు ఉండిపోతుందో ప్యానెల్ రూమ్‌లో పనిచేసిన ఎవరికైనా తెలుసు. “రేపు మళ్ళీ పనుంది కదా, అలాగే ఉండనీ” అంటాం. నేనూ అన్నాను. చెవిని ‘రన్’ వైపు తిప్పి, బయటికి తీసి, షిఫ్ట్ ఇన్‌ఛార్జికి ఇచ్చి రిజిస్టరులో రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు.

“మా సిస్టమ్ ఇంటర్నెట్‌కి కలపలేదు, భయం లేదు” అనే మాట ప్రతి ప్లాంటులోనూ వింటాం. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రం కూడా అలా కలపనిదే. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వైరస్ పెన్ డ్రైవ్‌ల ద్వారా కూడా వ్యాపించేలా తయారైంది. సెంట్రిఫ్యూజ్‌ల వేగం మారిపోతుంటే తెర మీద మాత్రం అంతా మామూలుగానే కనబడింది.

పెన్ డ్రైవ్ అంటే నాకొక సంగతి గుర్తొస్తుంది. నేను పనిచేసిన ఒక చోట ఆపరేటర్ కంప్యూటరులోకి వైరస్ వచ్చింది. ట్రెండ్ రిపోర్టులు కాపీ చేసి తెమ్మని పై వాళ్ళు పంపితే, ఒక కాంట్రాక్టు కుర్రాడు తన సొంత పెన్ డ్రైవ్ పెట్టాడు. మర్నాడు అతని గేట్ పాస్ తీసేసుకున్నారు. ప్లాంటుకంటూ ఒక శుభ్రమైన పెన్ డ్రైవ్, దాన్ని పరీక్షించే ఒక విడి కంప్యూటరు ఎందుకు లేవని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

ఆఫీసు కంప్యూటరుకి అప్‌డేట్ వేసినట్టు నడిచే ప్లాంటుకి వేయలేం. రీస్టార్ట్ చేయాలంటే ఉత్పత్తి ఆపాలి. అందుకే 2014లోనే మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీ ఇంకా కొన్ని కంట్రోల్ రూముల్లో కనబడుతుంది. దాన్ని మార్చలేనప్పుడు దాని చుట్టూ గోడ కట్టాలి, ఆఫీసు నెట్‌వర్క్‌ని విడదీయాలి. 2019లో కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో మాల్‌వేర్ దొరికిందని ఎన్.పి.సి.ఐ.ఎల్. ఒప్పుకుంది. అది పాలనా పనుల నెట్‌వర్క్‌కి కలిపిన కంప్యూటరు, ప్లాంటు నడిపే నెట్‌వర్క్ దానికి విడిగా ఉందని చెప్పింది. యంత్రం అమ్మిన కంపెనీవాళ్ళు దూరం నుంచి లోపలికి వచ్చే దారి కూడా పని ఉన్నంతసేపే తెరిచి, అయ్యాక మూసేయాలి. ఇక పాస్‌వర్డ్: 2023లో అమెరికాలో ఒక నీటి సరఫరా సంస్థ పి.ఎల్.సి. మీద దాడి జరిగినప్పుడు, ఆ రకం యంత్రాలకు ఫ్యాక్టరీ పెట్టి పంపే పాస్‌వర్డ్ 1111 అని, వెంటనే మార్చమని ప్రభుత్వమే హెచ్చరించింది. మన సూట్‌కేసు తాళాలే నయం!

ఇంత చేసినా దాడి జరగవచ్చు. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్ విద్యుత్ కంట్రోల్ రూములో ఆపరేటర్ల కళ్ళ ముందే మౌస్ బాణం తనంతట తాను కదిలి బ్రేకర్లు తెరిచింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. కొన్ని గంటల్లో మళ్ళీ వచ్చిందంటే, సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్ళి చేత్తో బ్రేకర్లు వేశారు కాబట్టి. ఆ చేతిపని తెలిసిన పాతవాళ్ళు రిటైరవుతున్నారు. కొత్తగా చేరే మనవాళ్ళు స్క్రీన్ ఒక్కటే నేర్చుకుంటున్నారు. మాన్యువల్‌గా నడపడం, ప్రోగ్రాం బ్యాకప్ విడిగా దాచి, అది ఎక్కుతుందో లేదో పరీక్షించడం కూడా నేర్పమని అడగండి. అడిగితే ఉద్యోగం పోతుందని భయపడేవాళ్ళు పర్మిట్ కాగితం మీద “సొంత పెన్ డ్రైవ్ వాడలేదు, చెవి రన్‌లో పెట్టి అప్పగించాను” అని రాసి సంతకం తీసుకోండి. ఆ కుర్రాడి దగ్గర అలాంటి కాగితం ఒక్కటీ లేకపోయింది.

మా ఇంట్లో ఒక పాత పి.ఎల్.సి., రెండు రిలేలు, ఒక ఫ్లోట్ స్విచ్ ఉన్నాయి. సంక్రాంతి సెలవుల్లో హాస్టల్‌కి తెస్తాను. ఐ.టి.ఐ.లో చేరాలనుకుంటున్న పదో తరగతి తమ్ముళ్ళు వార్డెన్ గారి దగ్గర పేర్లు ఇవ్వండి. మన మేడ మీది ట్యాంకుతోనే మొదలుపెడదాం.