పొగ వాసన పట్టిన కుర్రాడు

మన సినిమాల్లో విస్కీ గ్లాసు ఎక్కువగా ఇద్దరి చేతుల్లోనే కనిపిస్తుంది. ఒకరు విలన్‌గారు, రెండోవారు ప్రేమలో దెబ్బతిన్న హీరోగారు. ఇద్దరూ గటగటా తాగేవాళ్ళే గాని, వాసన చూసిన పాపాన పోరు!

ఆ వాసన మీదే నడిచే చిత్రం ఒకటుందండోయ్! కెన్ లోచ్ తీసిన 'ది ఏంజెల్స్ షేర్'. 2012 కేన్స్‌లో జ్యూరీ బహుమతి కొట్టేసింది. అందులో రాబీ గ్లాస్గో కుర్రాడు. ముఖం మీద గాటు, చేతిలో ఉద్యోగం లేదు. పైగా తండ్రి కాబోతున్నాడు. కొట్లాట కేసులో జైలు తప్పి 300 గంటల సమాజసేవ శిక్ష పడింది. దాన్ని చూసుకునే హ్యారీ ఓ రోజు కుర్రాళ్ళని విస్కీ తయారీ చూపించడానికి తీసుకెళ్తాడు. అక్కణ్ణించి మెల్లగా తేలుతుంది, రాబీకి దేవుడిచ్చిన ముక్కుందని!

ఇది చూశాక నాకూ సరదా పుట్టింది. కానీ భయం. తాగుడుకి సంసారాలు పోగొట్టుకున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు మరి. చివరికి విదేశం నుంచి వచ్చిన మా బావ ఐలా దీవి సింగిల్ మాల్ట్ కొంచెం పోశాడు. గుక్క వేశానో లేదో, టింక్చరు అయోడిన్!

"ఇదేం ఆస్పత్రి బావా?" అన్నాను.

"ముందు వాసన చూడరా" అని నాలుగు చుక్కలు నీళ్ళు కలిపాడు. కాసేపాగి ముక్కు పెట్టానా... మా అమ్మమ్మగారింట్లో నీళ్ళకాగు కింది పొగ! వెనకాల సముద్రపు ఉప్పు. నాలిక మీద చిట్టచివర ఖర్జూరం తీపి.

స్కాట్లాండు పడమటి తీరంలోని ఈ దీవిలో మొలకెత్తిన బార్లీని పీట్ పొగలో ఆరబెడతారు. పీట్ అంటే చిత్తడినేలలో వేల ఏళ్ళు మగ్గిన మొక్కల మట్టి. గింజకి పట్టిన ఆ పొగ ఓక్ పీపాల్లో ఏళ్ళు గడిచినా వదలదు. ఆ పీపాల్లోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దేవదూతల వాటా అంటే అదే! చిత్రంలో అందరూ ఎగబడే పీపా కూడా ఐలాదే. 1908లో మొదలై 1962లో మూతబడ్డ 'మాల్ట్ మిల్' సరుకు.

నేను రెండోసారి గ్లాసు చాపితే బావ మూత బిగించేశాడు. "రుచి మొదటిదాంట్లోనే ఉంటుందిరా. రెండోదాంట్లో ఉండేది మత్తే."

చెయ్యెత్తడం తప్ప తెలియని రాబీకి ఆ గ్లాసు నేర్పిందీ ఇదే, కాస్త ఆగడం. వయసు చాలని తమ్ముళ్ళూ, మీకు ప్రస్తుతానికి సినిమా చాలు. పొగ ఎక్కడికీ పోదు లెండి!