ఆరోగ్య దర్శిని: గుండె మారిన రోజు

ఇందిరాపురంలో నివసించే తెలుగువారికి యమున ఆవలి ఒడ్డున ఉన్న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కొత్త కాదు. 1994 ఆగస్టు 3న ఆ సంస్థలోనే మన దేశపు మొట్టమొదటి విజయవంతమైన గుండె మార్పిడి జరిగింది. దానికి నాయకత్వం వహించిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ రాజమహేంద్రవరంలో జన్మించిన తెలుగు బిడ్డ.

రోగి ఒక సామాన్య కార్మికుడు. గుండె కండరం క్షీణించి, రక్తాన్ని నెట్టే శక్తిని కోల్పోయింది. మందులు ఫలించని ఆ దశలో, మెదడులో రక్తస్రావంతో మరణించిన ఒక స్త్రీ హృదయాన్ని అతనికి అమర్చారు. ఆ తరువాత అతడు సుమారు 15 సంవత్సరాలు జీవించాడు. 1968లో బొంబాయిలో డాక్టర్ పి.కె. సేన్ చేసిన తొలి ప్రయత్నంలో రోగి కొద్ది గంటలే బ్రతికాడు. ఈ మధ్యకాలంలో రెండు ముఖ్యమైన మార్పులు వచ్చాయి. పరాయి అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా అదుపుచేసే సైక్లోస్పోరిన్ వంటి ఔషధాలు లభించాయి. మెదడు మరణాన్ని మరణంగా గుర్తించే చట్టం 1994లో వచ్చింది.

మెదడు మరణం అంటే స్మృతి తప్పడం కాదు. కృత్రిమ శ్వాస వలన గుండె కొంతకాలం కొట్టుకున్నా, ఆ మనిషి ఇక తిరిగి రాడు. నలుగురు వైద్యులు, కనీసం 6 గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షించిన మీదటనే దీనిని నిర్ధారిస్తారు.

అవయవాలు ఒక్కనాటిలో చెడిపోవడం అరుదు. అదుపులేని మధుమేహం, రక్తపోటు మూత్రపిండాలను నిశ్శబ్దంగా హరిస్తాయి. మద్యం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు కాలేయాన్ని కొరుకుతాయి. కనుక ఏటా ఒకసారి రక్తం, మూత్రం పరీక్ష చేయించుకోవడం శస్త్రచికిత్స కంటె ఎంతో సులువు. మూత్రపిండాలు పనిచేయనివారిని డయాలసిస్ కొన్నేళ్ళు కాపాడగలదు. గుండె చెడినవారికి అంత వ్యవధి ఉండదు. దాత నుండి తీసిన గుండెను సుమారు 4 గంటలలో అమర్చాలి.

ఆ స్వల్ప వ్యవధిలో, పుట్టెడు దుఃఖంలో ఉన్న కుటుంబం సమ్మతి తెలపాలి. మృతుని అభీష్టం తెలియకపోతే ఎవరు మాత్రం ధైర్యం చేయగలరు? 2023 నుండి ఆగస్టు 3ను భారత అవయవదాన దినంగా పాటిస్తున్నారు. అందాకా ఆగనవసరం లేదు. ఈ రాత్రి భోజనాల వేళ మీ కోరికను మీవారితో చెప్పండి. ఆ ఒక్క మాట, ఏనాడో మరొక ఇంటి దీపం ఆరకుండా కాపాడవచ్చు.